లంబసింగిలో తొలిసారి టెంట్: రెండు దుప్పట్లు చాలవా?

ప్రశ్న: జనవరిలో నలుగురం లంబసింగిలో ఒక రాత్రి టెంట్‌లో పడుకుంటాం. మందపాటి దుప్పట్లు చెరి రెండు చాలవా?

జవాబు 1: చాలవండి. తెల్లవారుజామున 5 డిగ్రీల కిందికీ పడిపోతుంది. అసలు చలి లాగేది నేల. ఒంటి బరువుకు దుప్పటి అణిగి, అందులో గాలి మిగలదు. ముందు మనిషికో 10 మి.మీ. ఫోమ్ మ్యాట్ కొనండి, తర్వాతే స్లీపింగ్ బ్యాగ్. దాని మీద ‘కంఫర్ట్’ అంకె (హాయిగా నిద్రపట్టే చలి ఎంతవరకో చెప్పేది) చూడండి, ‘లిమిట్’ (ముడుచుకుని ఎలాగో నెట్టుకురాగల చలి) కాదు. మామూలు గాలి పరుపు మాత్రం వద్దు, లోపలి గాలి చల్లబడి వీపు జిల్లుమంటుంది.

జవాబు 2: ‘ఫోర్ పర్సన్’ టెంట్‌లో నలుగురు పడితే సామాన్లకు చోటుండదు, పెద్దది తీసుకోండి. కింద పరిచే టార్పాలిన్ అంచులు టెంట్ దాటి బయటికి రాకూడదు, మంచు నీళ్లన్నీ కిందికి చేరతాయి. జిప్పులన్నీ బిగిస్తే మీ ఊపిరి ఆవిరే పైకప్పుకు పట్టి చినుకుల్లా రాలుతుంది. పై కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి ఉంచండి.

అడిగినవారు: లోపల చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుంటే?

జవాబు 3: వద్దే వద్దు! కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోండి. థర్మాస్ పనికిరాదు, వేడి బయటికి రానివ్వదుగా. పడుకునే ముందు చెమట బట్టలు మార్చేయండి.