గడీని సొసైటీకి ఇస్తమంటున్నరు, షరతుతోటి. తీసుకోవాల్నా?

మూసీ ఎడమకాల్వ:
మాది సూర్యాపేట దిక్కు ఊరు. ఊరి నడుమ గడీ (పాత దొరల కోటసొంటి ఇల్లు) ఉంది, పదేండ్ల సంది తాళమే. మ్యూజియం చేద్దామని ఏడుగురం కలిసి సొసైటీ పెట్టుకున్నం (2001 చట్టం కింద ఏడుగురికి తక్కువుంటే రిజిస్టర్ చెయ్యరు). వారసులు 30 ఏండ్ల లీజుకు సరే అన్నరు. కిరాయి ఏడాదికి ఒక్క రూపాయి. షరతులు రెండు: గేటు మీద వాళ్ల తాత పేరు ఉండాలె. లోపల పెట్టే ప్రతి బోర్డు మీది రాత వాళ్లు ఒప్పుకున్నంకనే పెట్టాలె.

మొన్న తాళం తీయించి చూసినం. ధాన్యం కొట్టంల వడ్లు కొలిచే రెండు కుంచాలు దొరికినయి. చూస్తానికి ఒక్క తీరే ఉన్నయి. ఒకదాన్నిండ వడ్లు పోసి రెండోదాంట్లకు ఒంపితే రెండు పిడికిళ్లు మిగిలినయి. తీసుకునే కుంచం వేరు, ఇచ్చే కుంచం వేరు అని మా నాయనమ్మ చెప్తుండె. కథనుకున్న. వారసులల్ల పెద్దాయన పక్కనే ఉండి చూసిండు. "ఇవి పెట్టకుండ్రి" అన్నడు. ఏం చేద్దాం?

భోనగిరి గుట్ట:
ఏం చేసుడేంది, వద్దనుండ్రి. 1946 జూలై 4 నాడు కడవెండిల దొడ్డి కొమురయ్య పానం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. అప్పుడు అది నల్లగొండ జిల్లా కిందనే ఉండె. అసొంటి జాగల గేటు మీద దొర పేరా? కూలితే కూలనీయిండ్రి.

పాలమూరు లెక్కలు:
పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు తమ్మీ. ముందు మిద్దె మీద మొలిచిన రావిమొక్కను ఎవరు పీకుతరో చెప్పు. ఒక పాత ఇంటి మ్యూజియం ట్రస్టుల ఆరేండ్లు లెక్కలు రాసిన, అందుకే అడుగుతున్న.

టికెట్ పైసలు చాయ్‌కి, చీపుర్లకు అయితయి. వానకాలం మూడు నెలలు అవి గూడ రావు. దాతలు అద్దాల పెట్టెలిస్తరు, లైట్లిస్తరు. రాత్రి కావలి మనిషి జీతం మాత్రం ఎవ్వరియ్యరు. కంపెనీలు సమాజం పనులకు పెట్టే సీఎస్‌ఆర్ పైసలు చరిత్ర ఉన్న కట్టడాల మరమ్మతుకు వాడొచ్చని చట్టంల ఉంది. కానీ వాళ్లకు మార్చి లోపల పని అయిపోవాలె, ఫొటో పడాలె. మరుసటి ఏడు కప్పు కారితే ఫోన్ ఎత్తరు.

మీకు మంచిగ పనికొచ్చే ముచ్చటొకటి ఉంది. ఆదాయపన్ను చట్టం ధర్మకార్యాలల్ల చారిత్రక కట్టడాల సంరక్షణను పేరు పెట్టి చెప్పింది. "ఇతర ప్రజోపయోగ పనులు" అనే పద్దు కింద రాసుకుంటే మాత్రం వ్యాపార రాబడి మొత్తం రాబడిల 20 శాతం దాటొద్దు. సొసైటీ బైలాలల్ల (నియమాలల్ల) మొదటి వాక్యమే కట్టడం సంరక్షణ అని రాయించుండ్రి. ఇంకోటి, 2,000 రూపాయలు దాటి నగదు తీసుకుంటే దాతకు పన్ను మినహాయింపు రాదు. మాకు ఒక పెద్దమనిషి సంచిల తెచ్చిచ్చిండు, రసీదు కాడ లొల్లి అయింది.

లీజు ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ చెయ్యాల్సిందే. వారసులంటే కొడుకులే కాదు, ఆడబిడ్డల సంతకాలు గూడ పడాలె. లేకుంటే మీరు సున్నం పెట్టిన గోడను ఐదేండ్లకు ఇంకొకరు అమ్ముకుంటరు.

సున్నం అంటే యాదికొచ్చింది. మేం తెలువక సున్నం గోడకు సిమెంటు పూయించినం. గోడల చెమ్మ బయటికి పోక మూడో వానకాలానికి ఉప్పు పొంగి పెచ్చులు పెచ్చులుగ ఊడింది, లోపలి ఇటుక గూడ తిన్నది. డంగు సున్నమే (గానుగల పట్టిన సున్నం) వాడుండ్రి, ఖర్చయినా సరే.

నడిగడ్డ నేతగాడు:
మ్యూజియమే ఎందుకు? వనపర్తి రాజుల ప్యాలెస్ల పాలిటెక్నిక్ నడుస్తున్నది. గద్వాల కోటల కాలేజీ ఉంది. రోజూ మనుషులు తిరిగితే ఇల్లు నిలబడతది. రెండు గదులు మ్యూజియానికి, మిగిలింది లైబ్రరీకి ఇయ్యుండ్రి.

గడీ మనుమరాలు:
నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. మీ ఊరు కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో పేదల కోసం వినోబా భావే భూదానం అడిగితే 100 ఎకరాలు ఇచ్చిన వెదిరె రామచంద్రారెడ్డి గారూ భూస్వామే. తెలంగాణ సాయుధ పోరాటాన్ని ముందుండి నడిపిన రావి నారాయణరెడ్డి గారిదీ భూస్వామి కుటుంబమే. అందరినీ ఒకే గాటన కట్టేస్తారని మా ఇళ్లలో భయం, నిజమే. అయినా ఆ పెద్దాయన కుంచాలు దాచమనడం తప్పు. బోర్డు రాతలు ముందే వాళ్లకు పంపండి. తేదీలో, చుట్టరికంలో పొరపాటుంటే పదిహేను రోజుల్లో చెప్తారు. అంతవరకే. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పే హక్కు ఇవ్వొద్దు.

భోనగిరి గుట్ట:
అక్కా, మీరన్నది ఒప్పుకుంట. కానీ భూమి ఇచ్చినోళ్ల పేర్లు పుస్తకాలల్ల ఉన్నయి. వెట్టి చేసినోళ్ల పేర్లు ఏడున్నయి? మా ముత్తాత గడీకి ఏటా చెప్పులు కుట్టిచ్చిండట, పైస లేకుండ. ఆయన పేరు మా ఇంట్లనే ఇద్దరికి తెలుసు. గేటు మీద తాత పేరు పెట్టుకోనీయిండ్రి, కొట్టం గోడ మీద వీళ్ల పేర్లు రాయుండ్రి. కుమ్మరి, సాకలి, మంగలి, మాదిగ, ఇల్లిల్లు తిరిగి అడగాలె. తొంబై ఏండ్ల ముసలోళ్లు ఇంకెన్నొద్దులుంటరు?

పాలమూరు లెక్కలు:
ఈ పనికి పైస ఖర్చు లేదు. రేపే మొదలుపెట్టొచ్చు.

మూసీ ఎడమకాల్వ:
అందరికి దండాలు. తాత పేరుకు ఒప్పుకున్నం. బోర్డులు ఒప్పుకున్నంకనే అన్న మాట కొట్టేసి, అక్క చెప్పిన పదిహేను రోజులు రాసి పంపినం. పెద్దాయన గులుగుకుంటనే సరే అన్నడు. ఆడబిడ్డల సంతకాలు అడిగిన కాడికెళ్లి మాత్రం ఫోన్ల సప్పుడు లేదు. అది తేలేదాంక పైస పెట్టం. కుంచాలు కొట్టంలనే ఉన్నయి, ఫొటో తీసి మా రిజిస్టర్ల 1, 2 నంబర్లు వాటికే ఏసినం. పేర్లు ఇయ్యాల్టికి పదకొండు ఇండ్లల్ల రాసుకున్నం.

పాలమూరు అన్నా, డంగు సున్నం గానుగ పట్టేటోళ్లు మీ దిక్కు ఎవరన్న ఉన్నరా? ఇక్కడ ఒక్కడు దొరుకుతలేడు.