4 గిగాహెర్ట్జ్ క్లాక్‌ను 16తో భాగించాలి, మొదటి స్టేజే పనిచేయడం లేదు

కేసీకెనాల్_గట్టు:
అందరికీ నమస్తే. కర్నూలులో ఎంటెక్ వీఎల్ఎస్ఐ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు పీఎల్ఎల్ (తన క్లాక్‌ను ఇచ్చిన రిఫరెన్స్ క్లాక్‌కు లాక్ చేసుకునే సర్క్యూట్), 180 నానోమీటర్ల సీమాస్ చిప్ టెక్నాలజీ, సప్లై 1.8 వోల్టులు. వీసీఓ (వోల్టేజ్‌ను బట్టి ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) నుంచి 4 గిగాహెర్ట్జ్ వస్తోంది, దాన్ని 16తో భాగించి 250 మెగాహెర్ట్జ్ చేసి ఫేజ్ డిటెక్టర్‌కు ఇవ్వాలి. పుస్తకంలో ఉన్నట్టే ట్రాన్స్‌మిషన్ గేట్లతో డీ ఫ్లిప్‌ఫ్లాప్ (క్లాక్ అంచు దగ్గర డీ ఇన్‌పుట్‌ను పట్టుకునేది) కట్టి, దాని తలకిందుల అవుట్‌పుట్ క్యూబార్‌ను డీకి కలిపి, ఇలా రెండుతో భాగించేవి నాలుగు వరసగా పెట్టాను. 1 గిగాహెర్ట్జ్ దగ్గర చక్కగా నడుస్తోంది. 2 దాటాక మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్ పైకీ పోదు, కిందికీ రాదు, 0.9 వోల్టుల దగ్గరే వణుకుతూ ఉండిపోతోంది. ట్రాన్సిస్టర్ల వెడల్పు రెండింతలు చేసి చూశాను, తేడా ఏమీ లేదు. మా ల్యాబ్‌లో టూల్ సాయంత్రం 5 దాకే దొరుకుతుంది, రివ్యూకు పది రోజులే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో ఎవరైనా చెప్పండి.

పెన్నహోబిలం_పిల్లోడు:
తమ్ముడూ, మాది ఉరవకొండ పక్కన, ఇప్పుడు బెంగళూరులో ఇదే పని చేస్తున్నాను. నీ కనెక్షన్‌లో తప్పేమీ లేదు, కాలమే చాలడం లేదు. క్లాక్ అంచు వచ్చాక క్యూబార్ మారడానికి పట్టే సమయానికి సెటప్ టైమ్ (క్లాక్ అంచుకు ముందే డీ నిలకడగా ఉండాల్సిన సమయం) కలుపు, ఆ మొత్తం ఇన్‌పుట్ క్లాక్ ఒక్క పీరియడ్‌లో ఇమడాలి. 4 గిగాహెర్ట్జ్‌కు పీరియడ్ 250 పికోసెకన్లే. 180లో ఆ రకం ఫ్లిప్‌ఫ్లాప్‌కు అది సరిపోదు. వెడల్పు పెంచితే బలం పెరిగిందనుకున్నావు, కానీ ఆ ఫ్లిప్‌ఫ్లాప్ మోసే బరువు దాని సొంత గేట్లే కదా, ఆ కెపాసిటెన్స్ కూడా రెండింతలైంది, పైగా వీసీఓ మీద క్లాక్ లోడ్ కూడా పెరిగింది.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే నాలుగు స్టేజ్‌లూ ఒకేలా ఉండక్కర్లేదు. 4 గిగాహెర్ట్జ్‌ను చూసేది మొదటిది ఒక్కటే, రెండోది చూసేది 2, మూడోది 1. కాబట్టి మొదటిది సీఎంఎల్‌లో (కరెంట్ మోడ్ లాజిక్, కరెంటును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మళ్లించే రకం) కట్టు: డిఫరెన్షియల్ పెయిర్లు, రెసిస్టర్ లోడ్లు, విలువను పట్టి ఉంచే రెండు లాచ్‌లు. అక్కడ స్వింగ్ 300, 400 మిల్లీవోల్టులు ఉంటే చాలు, 1.8 మొత్తం ఊగాల్సిన పని లేదు, వేగం అక్కడి నుంచే వస్తుంది. దానికి బదులు కరెంటు ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, ఒక్క స్టేజ్‌కే కాబట్టి భరించవచ్చు. రెండోది టీఎస్‌పీసీ (ఒకే క్లాక్ ఫేజ్‌తో నడిచే వేగమైన ఫ్లిప్‌ఫ్లాప్) పెట్టు, యువాన్, స్వెన్సన్ 1989 పేపర్‌లో ఉంది, చదువు. మిగతా రెండూ నీ పాత ఫ్లిప్‌ఫ్లాప్‌లే ఉండనీ. సీఎంఎల్ చిన్న స్వింగ్‌ను పూర్తి స్వింగ్ చేసే బఫర్ మధ్యలో మరిచిపోకు, చాలామంది తడబడేది అక్కడే.

దేవుని_కడప_సర్క్యూట్లు:
పైన చెప్పినది సరైన దారే. ఇంకో రెండు చూసుకో బాబూ. నీ టెస్ట్ బెంచ్‌లో క్లాక్‌ను ఆదర్శ పల్స్ సోర్స్‌తో ఇస్తున్నావా, వీసీఓతోనా? అసలు వీసీఓ అంత నిటారు అంచులు ఇవ్వదు, దాదాపు సైన్ తరంగమే వస్తుంది, దాని డీసీ లెవెల్ కూడా డివైడర్‌కు కావలసిన చోట ఉండకపోవచ్చు. క్లాక్‌ను కెపాసిటర్ ద్వారా కలిపి, బయాస్ (డీసీ లెవెల్) విడిగా ఇవ్వు.

రెండోది ఉష్ణోగ్రత. టూల్ మామూలుగా 27 డిగ్రీల దగ్గర సిమ్యులేట్ చేస్తుంది. మన కడపలో, కర్నూలులో మే నెలలో బయటే 40 దాటుతుంది, చిప్ లోపల ఇంకా ఎక్కువ. స్లో కార్నర్ (తయారీ తేడాల వల్ల ట్రాన్సిస్టర్లు నెమ్మదిగా ఉండే పరిస్థితి), 125 డిగ్రీలు, సప్లై పది శాతం తక్కువ, ఈ మూడూ కలిపి నడిస్తేనే నడిచినట్టు లెక్క.

కేసీకెనాల్_గట్టు:
అన్నా, సార్, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. సీఎంఎల్ కట్టాను, 4 దగ్గర భాగిస్తోంది! కానీ ఒకటి చూసి భయమేసింది. క్లాక్ ఆపేసి రెండు ఇన్‌పుట్లకూ డీసీ మాత్రమే ఇచ్చినా అవుట్‌పుట్ 1.7 గిగాహెర్ట్జ్‌తో దానంతట అదే ఊగుతోంది. ఎక్కడైనా తప్పు కలిపానా?

పెన్నహోబిలం_పిల్లోడు:
తప్పేమీ లేదు, భయపడకు. డీసీ ఇస్తే రెండు లాచ్‌లూ సగం తెరుచుకుని రింగ్ ఆసిలేటర్ లాగా మారతాయి. క్లాక్ వచ్చాక అది ఆ క్లాక్‌కు లాక్ అవుతుంది. నిజానికి ఆ 1.7 నీకు పనికొచ్చే అంకె. దానికి రెండింతలు, అంటే 3.4 దగ్గర నీ డివైడర్ చాలా చిన్న ఇన్‌పుట్‌కు కూడా పలుకుతుంది, అక్కడి నుంచి అటూ ఇటూ దూరం పోయే కొద్దీ పెద్ద స్వింగ్ అడుగుతుంది. ఫ్రీక్వెన్సీ మారుస్తూ కనీసం ఎంత ఇన్‌పుట్ కావాలో గ్రాఫ్ గీయి, రివ్యూలో ఆ ఒక్క గ్రాఫ్ చూపిస్తే సగం ప్రశ్నలు ఆగిపోతాయి. నీకు కావలసింది 4 కాబట్టి ఆ 1.7ను 2 పైకి తీసుకురా. లోడ్ రెసిస్టర్ తగ్గించు, స్వింగ్ పడిపోకుండా కరెంటు పెంచు. లేఅవుట్ తీగల కెపాసిటెన్స్ కలిశాక మళ్లీ కొంత తగ్గుతుంది, అందుకని కాస్త ఎక్కువకే గురిపెట్టు.

దేవుని_కడప_సర్క్యూట్లు:
చివరగా, నాలుగు స్టేజ్‌లు ఒకదాని వెనక ఒకటి ఉంటే ప్రతిదాని జిట్టరూ (క్లాక్ అంచు సమయం అటూ ఇటూ కదలడం) పోగవుతుంది. 250 మెగాహెర్ట్జ్ అవుట్‌పుట్‌ను 2 గిగాహెర్ట్జ్ క్లాక్‌తో ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్‌లో రీటైమ్ చెయ్ (అంటే ఆ క్లాక్ అంచు దగ్గర మళ్లీ పట్టుకో), వెనకటి స్టేజ్‌ల జిట్టర్ చాలావరకు పోతుంది. సెటప్, హోల్డ్ (అంచు తర్వాత డీ నిలవాల్సిన సమయం) మాత్రం అన్ని కార్నర్లలో చూసుకో.

కేసీకెనాల్_గట్టు:
రెసిస్టర్ మార్చాను, ఇప్పుడు 2.2 దగ్గర ఊగుతోంది. లేఅవుట్ తీగలు కలిపాక 1.9కి వచ్చింది. స్లో కార్నర్, 125 డిగ్రీలు, 1.62 వోల్టుల దగ్గర కూడా 4 గిగాహెర్ట్జ్‌కు లాక్ అవుతోంది. రీటైమింగ్ రేపు ల్యాబ్ తెరవగానే పెడతాను, గ్రాఫ్ కూడా ఇక్కడే వేస్తాను.