అప్‌డేట్: అమ్మ మెల్‌బోర్న్ చేరింది

కావలి నుంచి మెల్‌బోర్న్‌లో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మను ఒంటరిగా పంపాలి, ఎంత దూరం, ఎన్ని గంటలు అని గత నెల ఇక్కడ అడిగాను. మీరు చెప్పిన లెక్కే నిజమైంది. చెన్నై నుంచి సింగపూర్ దాదాపు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడి నుంచి మెల్‌బోర్న్ సుమారు 6,000 కిలోమీటర్లు, ఏడున్నర గంటలు.

గాల్లో ఉన్నది పదకొండున్నర గంటలే, కానీ ఇంటి గడప నుంచి చెల్లి గడప దాకా ఇరవై ఎనిమిది గంటలు పట్టింది! కావలి నుంచి చెన్నై దాకా కారు ప్రయాణం, విమానాశ్రయాల్లో పడిగాపులు నేను లెక్కలోకే తీసుకోలేదు.

ఆవకాయ తీసుకెళ్తే అక్కడ దాచకుండా చెప్పాలని మీరు ముందే చెప్పి మంచి పని చేశారు. ఆస్ట్రేలియాలో దిగేవాళ్లు నింపే కార్డులో అమ్మ తినుబండారాలు ఉన్నాయని టిక్కు పెట్టింది. అధికారి సీసా మూత తీయించి, వాసన చూసి, నవ్వి పంపేశాడట.

అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు (అక్కడి వేసవిలో ఐదున్నర) ముందుంటుంది. అమ్మ చేతి గడియారం మాత్రం ఇంకా కావలి టైములోనే నడుస్తోంది. మార్చనంటుంది. రాత్రి రెండింటికి కూడా నిద్రపోకుండా కాఫీ పెడుతోందని చెల్లి ఫిర్యాదు.