డెస్మోగ్లీన్లు యాంటీబాడీలకు లక్ష్యాలు మాత్రమేనా?

ప్రశ్న:
చర్మకణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ 1, డెస్మోగ్లీన్ 3 అనే ప్రోటీన్లపై శరీరమే యాంటీబాడీలను తయారుచేసుకోవడం వల్ల పెంఫిగస్ అనే జబ్బులో బొబ్బలు వస్తాయని చదివాను. ఈ ప్రోటీన్లు దెబ్బతినే లక్ష్యాలు మాత్రమేనా, లేక యాంటీబాడీల పుట్టుకపై వాటి ప్రభావం కూడా ఏమైనా ఉందా?

మొదటి జవాబు:
ప్రభావం ఉంది. అందుకు గట్టి ఆధారం 2000లో జపాన్‌కు చెందిన మసయుకి అమగాయి బృందం ప్రచురించిన ఎలుకల ప్రయోగం. డెస్మోగ్లీన్ 3 జన్యువు లేని ఎలుకలకు ఆ ప్రోటీన్‌ను టీకాలా ఎక్కించి, తర్వాత వాటి ప్లీహకణాలను తీసి, లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు (బి, టి కణాలు) సొంతంగా లేకపోయినా డెస్మోగ్లీన్ 3 ఉన్న ఎలుకలకు ఇచ్చారు. వాటిలో యాంటీబాడీలు నిలకడగా తయారై, నోటిలో పుండ్లు పడ్డాయి, వెంట్రుకలు రాలాయి. మామూలు ఎలుకలకు అదే ప్రోటీన్‌ను ఎక్కించినా ఈ జబ్బు రాలేదు. అంటే డెస్మోగ్లీన్ 3 పుట్టుక నుంచీ ఒంట్లో ఉండటమే తనపై దాడికి దిగగల లింఫోసైట్లను అదుపులో ఉంచుతోందన్నమాట.

రెండో జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూనే, బొబ్బ ఎక్కడ వస్తుందన్నది కూడా ఈ ప్రోటీన్ల అమరికే నిర్ణయిస్తుందని చేర్చదలిచాను. పెద్దల చర్మం పైపొరల్లో డెస్మోగ్లీన్ 1 ఎక్కువగా, నోటి లోపలి పొరలో డెస్మోగ్లీన్ 3 ఎక్కువగా ఉంటాయి. ఒకటి దెబ్బతిన్నచోట రెండోది ఉంటే కణాలు విడిపోవు. అందుకే డెస్మోగ్లీన్ 1పై మాత్రమే యాంటీబాడీలున్న తల్లికి చర్మమంతా పొక్కులున్నా, అవే యాంటీబాడీలు మాయ దాటి చేరిన శిశువుకు సాధారణంగా ఏమీ కాదు, ఎందుకంటే నవజాత శిశువు చర్మంలో డెస్మోగ్లీన్ 3 పైపొరల దాకా పరచుకొని ఉంటుంది. అయితే ఈ పరిహార సూత్రమొక్కటే అన్నిటినీ వివరిస్తుందని నేను అనుకోను. యాంటీబాడీ అంటుకున్నాక కణం లోపల మొదలయ్యే సంకేతాలకూ బొబ్బల్లో పాత్ర ఉంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. మరి మనుషుల్లో ఆ అదుపు ఎందుకు తప్పుతుంది?

మూడో జవాబు:
వంశపారంపర్యంగా వచ్చే కొన్ని హెచ్‌ఎల్‌ఏ (ప్రోటీన్ ముక్కలను టి కణాలకు చూపించే అణువులు) రకాలు ఒక కారణం. బ్రెజిల్‌లోని ఫోగో సెల్వాజెమ్ అనే స్థానిక పెంఫిగస్‌లో బయటి ప్రేరణ కూడా కనిపిస్తుంది: ఇసుక ఈగ లాలాజలంలోని ఒక ప్రోటీన్‌పై పుట్టిన యాంటీబాడీలు డెస్మోగ్లీన్ 1ను కూడా గుర్తిస్తాయి. ఆ ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ డెస్మోగ్లీన్ 1 యాంటీబాడీలు దొరుకుతాయి. కాకపోతే అవి ప్రోటీన్‌లో కణత్వచానికి దగ్గరగా ఉన్న భాగానికి అంటుకుంటాయి. పక్కకణాన్ని పట్టుకునే కొసభాగాన్ని గుర్తించే యాంటీబాడీలు మాత్రం రోగుల్లో కనిపిస్తాయి.