కర్నూలుకు రింగ్ రోడ్డు వేస్తే ఎటు నుంచి వేయాలి?

హంద్రీ గట్టు
మన ఊరికి రింగ్ రోడ్డు కావాలి, దాంట్లో నాకు అనుమానం లేదు. నంద్యాల వైపు నుంచి సిమెంటు లారీలు, బేతంచెర్ల నాపరాళ్ళు, కోడుమూరు దారిలో ఉల్లిగడ్డ ట్రాక్టర్లు, అన్నీ మన చౌరస్తాల్లోనే తిరగాలి. 44వ నంబరు జాతీయ రహదారి ఒకప్పుడు ఊరి అంచు. ఇప్పుడు దానికి రెండు పక్కలా కాలనీలే. నాకు టెన్షన్ అంతా ఎటు నుంచి వేస్తారన్న దాని గురించే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి వచ్చాయి. పైన తుంగభద్ర మీదున్న సుంకేశుల ఆనకట్ట మీదుగా నీళ్ళు పొర్లాయి. కింద శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే అప్పుడు 896 దాకా పోయింది. ముందుకు పోవాల్సిన నీరు మన మీదికే ఎగదన్నింది. పాతబస్తీలో మా ఇల్లు కింది అంతస్తు మునిగిపోతే రెండు రాత్రులు మిద్దె మీద ఉన్నాం. నీళ్ళు తీశాక గోడ మీద, ఫ్యాను రెక్కలకు జానెడు కింద, బురద గీత మిగిలింది. ఆ గోడకు మూడుసార్లు సున్నం వేయించాం. వానాకాలం చెమ్మ పట్టగానే అది మళ్ళీ తేలుతుంది.

హంద్రీ ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉంటుంది. కంపచెట్లు, ఇసుక. మ్యాపు ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు ఖాళీగా, చౌకగా కనబడేది ఆ నేలే. అక్కడ పది అడుగుల మట్టికట్ట పోసి రోడ్డు వేశారనుకోండి, వరద వచ్చిన రోజు ఆ కట్టే ఆనకట్ట అవుతుంది. నీళ్ళు ఎటు పోవాలి?

సి-క్యాంపు తమ్ముడు
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఎప్పుడో ఒకసారి వచ్చే వరద పేరు చెప్పి ముప్పై ఏళ్ళ అభివృద్ధిని ఆపుకుందామా? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, 8 వరుసలు. 2008లో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క తెరిచిన రోజుల్లో ఇంత రోడ్డు ఎవరికని అడిగినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల చూడండి. 2021 మార్చిలో మనకు ఓర్వకల్లు విమానాశ్రయం వచ్చింది. రింగ్ దాన్ని కలుపుకుని దూరంగా పోవాలి. ఊరిని ఆనుకుని వేస్తే పదేళ్ళకే మధ్యలో పడుతుంది.

లారీ వాళ్ళ అబ్బాయి
దూరం అంటున్న తమ్ముడికి ఒక్కమాట. మా నాయనకు రెండు లారీలు ఉన్నాయి. ఇరవై కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, పైగా టోల్ కట్టమంటే ఏ డ్రైవరూ రింగ్ ఎక్కడు. రాత్రి పదకొండు దాకా ఢాబాలో పడుకుని ఊళ్ళోంచే పోతాడు. మీరు చెప్పిన ఔటర్ టోలునే 2023లో ముప్పై ఏళ్ళకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. ఆ డబ్బంతా బండి నడిపేవాడి జేబులోంచే కదా రావాలి.

హంద్రీ గట్టు
తమ్ముడూ, వరద ఎప్పుడో ఒకసారి అంటున్నావు. 2022 అక్టోబరులో అనంతపురం సంగతి చూడు. అక్కడ పెద్ద నది కూడా లేదు. నడిమివంక పొంగితే కాలనీలకు కాలనీలే మునిగాయి. కరువు జిల్లా అని మనం ఊరకే ధైర్యంగా ఉంటాం.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. మనకు ఉత్తరాన తుంగభద్ర. అవతలి ఒడ్డు తెలంగాణ. పూర్తి వలయం కావాలంటే నది మీద కొత్త వంతెనలు కట్టాలి, ఇంకో రాష్ట్రంలో భూమి తీసుకోవాలి. కాబట్టి హైదరాబాద్ లెక్క మనకు కుదరదు. బెంగళూరు రోడ్డు నుంచి నంద్యాల రోడ్డుకు, అక్కడి నుంచి నందికొట్కూరు రోడ్డుకు ఒక అర్ధ వలయం చాలు. గార్గేయపురం వైపు పల్లం తగిలిన చోట మట్టికట్ట వద్దు, స్తంభాల మీద పోనివ్వండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. 2009లో మనం పోగొట్టుకున్నదానికి ఎవరు లెక్క కట్టారు?

కేసీ కాలువ కింది రైతు
అందరూ లారీలు, వరదలు అంటున్నారు. భూమి పోయేవాడి మాట కూడా వినండి. మా బంధువుల ఊళ్ళో ఒక బైపాస్ పోయింది. చేనుకు అడ్డంగా, మూలకు మూల కోసుకుంటూ పోయింది. బోరు ఇటు పడింది, చేను అటు పడింది. మిగిలిన మూడు మూలల ముక్కలో గొర్రు తిప్పడానికి కూడా చోటు లేదు. పిల్లకాలువ తెగిపోతే తూము పెట్టండని ఏడాది తిరిగారు.

పరిహారం సంగతి తెలుసుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, గడిచిన మూడేళ్ళ రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ప్రభుత్వ విలువ పోల్చి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే అంతే మొత్తం అదనంగా. వినడానికి బాగానే ఉంది. కానీ మన దగ్గర ఎకరా ముప్పై లక్షలకు కొని పదికి రాయించుకుంటారు. ఆ పదే మన మెడకు చుట్టుకుంటుంది. చేను రెండు ముక్కలైన నష్టం కూడా లెక్కలోకి రావాలని చట్టంలో ఉంది. అడగనివాడికి అది రాదు.

జాతీయ రహదారి కింద తీసుకుంటే, ఆ రహదారుల చట్టం ప్రకారం ముందు ఈ భూమి తీసుకోబోతున్నామని సెక్షన్ 3ఎ నోటిఫికేషన్ వస్తుంది. అభ్యంతరం రాసివ్వడానికి 21 రోజులే. తర్వాత 3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానిది అయిపోయినట్టే. పత్రికలో చిన్న అక్షరాల్లో సర్వే నంబర్లు వేస్తారు, మన పెద్దవాళ్ళు ఎవరు చదువుతారు? ఆ 21 రోజుల్లోనే బోరు, చెట్లు, పైపులైను, కాలువ తూము అన్నీ రాసి, ఫొటోలతో ఇవ్వాలి.

సి-క్యాంపు తమ్ముడు
పెద్దాయనా, ఈ 21 రోజుల సంగతి నాకు తెలియదు. అర్ధ వలయం మాట కూడా ఒప్పుకుంటున్నాను, అవతలి ఒడ్డు సంగతి ఆలోచించలేదు. కానీ ఓర్వకల్లు కలవాలన్న మాట మాత్రం వదలను.

హంద్రీ గట్టు
కలవాలి తమ్ముడూ, నంద్యాల రోడ్డు ఉండనే ఉంది, దాన్ని వెడల్పు చేస్తే సరిపోతుంది. ఇప్పుడు ఒక పని చేద్దాం. మీ మీ వీధుల్లో 2009 నీటి గుర్తు ఇంకా ఉంటే నేల నుంచి ఎన్ని అడుగులో కొలిచి ఇక్కడ పెట్టండి. రోడ్డు ఎటు పోవాలన్న అలైన్‌మెంటు మీద అభ్యంతరం అడిగిన రోజు అవన్నీ జతచేసి ఇద్దాం. మా గోడ మీద తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు.

కేసీ కాలువ కింది రైతు
మా కళ్ళం దగ్గర చింతచెట్టు మొదలుకు గుడ్డ చిక్కుకున్న చోటు గుర్తుంది. పొద్దున టేపు తీసుకుపోయి కొలుస్తాను.