రిటైల్ సదస్సు వేదిక మీద కొట్టు వాళ్ళకి ఒక కుర్చీ ఉండాలా?

విజయవాడ_కిరాణా:
మొన్న హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో రిటైల్ సదస్సు జరిగితే మా వర్తక సంఘం తరఫున వెళ్ళాను. రిటైల్ వ్యూహాల మీద ప్యానెల్ చర్చ పెట్టారు. వేదిక మీద ఐదుగురు: పది నిమిషాల డెలివరీ యాప్ నుంచి ఒకరు, సూపర్‌మార్కెట్ చైన్ నుంచి ఒకరు, సబ్బులూ పేస్టులూ తయారుచేసే కంపెనీ నుంచి ఒకరు, పేమెంట్ యాప్ నుంచి ఒకావిడ, ఒక కన్సల్టెంటు. గంటసేపు మాట్లాడారు. దేశంలో కిరాణా సరుకులు ఎక్కువగా అమ్ముడయ్యేది ఇప్పటికీ మా కొట్లలోనే అని వాళ్ళే చెప్పారు. కొట్టు నడిపే మనిషి మాత్రం వేదిక మీద ఒక్కరూ లేరు. చివర్లో ప్రశ్నలకి కాసేపు టైమిచ్చారు గానీ మైకు మా వరుస దాకా రాలేదు.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. కంపెనీ సరుకు మాకు తెచ్చి ఇచ్చే ఏజెన్సీ (డిస్ట్రిబ్యూటర్) నాకు బిల్లు వేసే రేటు కన్నా తక్కువకే అదే సబ్బుల ప్యాకెట్‌ని యాప్‌లో జనానికి అమ్ముతున్నారు. ఆ తేడా ఎవరు భరిస్తున్నారు? ఇలాంటి చర్చల్లో కొట్టు వాళ్ళకి ఒక కుర్చీ తప్పనిసరి చెయ్యాలా వద్దా, మీరే చెప్పండి.

చూస్తూ_ఉంటా:
చెయ్యాలి. ఇందులో చర్చ ఏముంది?

మాదాపూర్_కేటగిరీ:
నేను ఒక సూపర్‌మార్కెట్ చైన్‌లో కేటగిరీ మేనేజర్‌ని, అంటే సరుకు కొనడానికి కంపెనీలతో బేరం ఆడేవాణ్ణి. ఇలాంటి సదస్సులకి చాలాసార్లు వెళ్ళాను. అసలు విషయం చెప్తాను. వేదిక మీద కూర్చునేవాళ్ళలో చాలామంది కంపెనీలు ఆ సదస్సుకి స్పాన్సర్లే. ఎవరూ తమ వ్యాపార రహస్యం మైకులో చెప్పరు. పని జరిగేది టీ బ్రేక్‌లో. కాబట్టి మీకు కుర్చీ వేసినా ఒరిగేదేమీ లేదు.

నేర్చుకోదలిస్తే నేర్చుకోవడానికి ఉంది. డీమార్ట్‌ని చూడండి. 2002లో ముంబయి పొవాయిలో మొదలైంది. చాలా స్టోర్లు సొంత భవనాల్లో ఉంటాయి, అద్దె భారం లేదు. సరుకు ఇచ్చినవాళ్ళకి డబ్బు త్వరగా కడతారు, అందుకే రేటు తగ్గించి ఇస్తారు. ఇది ఎవరైనా చెయ్యగలిగిన పనే.

విజయవాడ_కిరాణా:
సార్, నా కొట్టూ సొంతమే. మా తాత కట్టించింది. ఏజెన్సీకి సరుకు దిగగానే డబ్బు కడతాను, ఒక్క చెక్కు కూడా బౌన్సు కాలేదు. మరి నాకు ఆ రేటు ఎందుకు రాదు?

వరంగల్_ఏజెన్సీ:
ఈ మాట వచ్చినప్పుడల్లా ఏజెన్సీ వాళ్ళ మీదకే వస్తారు, అందుకని చెప్తున్నాను అన్నా. ఆ రేటుకి కంపెనీ మాకే ఇవ్వదు. మా మార్జిన్ మూడు నుంచి ఐదు శాతం. అందులోనే గోదాము అద్దె, ఆటో, సేల్స్‌మన్ జీతం. 2021 డిసెంబర్, 2022 జనవరిలో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు హిందుస్థాన్ యునిలీవర్ సరుకు కొంత ఆపేసింది ఇందుకే. హోల్‌సేల్ యాప్‌లకి ఒక రేటు, మాకొక రేటు ఏమిటని అడిగారు. 2024లో మా డిస్ట్రిబ్యూటర్ల ఫెడరేషన్ క్విక్ కామర్స్ (నిమిషాల్లో డెలివరీ ఇచ్చే) కంపెనీల మీద, మార్కెట్‌లో పోటీ న్యాయంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు కూడా చేసింది. అంతకు ముందు ఏడాది కాలంలోనే 2 లక్షల కిరాణాలు మూతపడ్డాయని చెప్పింది. ఈ సంగతి ఏ ప్యానెల్‌లోనైనా విన్నారా?

మాదాపూర్_కేటగిరీ:
2 లక్షలా? ఎవరు లెక్కపెట్టారు? అది ఫెడరేషన్ వేసుకున్న అంచనా, ప్రభుత్వ లెక్క కాదు. మూసినవాళ్ళలో ముసలితనం వల్ల మూసినవాళ్ళెందరు, పిల్లలు వద్దన్నవాళ్ళెందరు, యాప్ దెబ్బకి మూసినవాళ్ళెందరు? అవి విడదీయకుండా అంకె వాడకూడదు.

వరంగల్_ఏజెన్సీ:
మా లైన్‌లో మూసిన కొట్లు నాకు తెలుసు సార్. షట్టర్ దించేసి, మిగిలిన స్టాకు వెనక్కి తీసుకోమని ఏడ్చినవాళ్ళని చూశాను. మీకు అంకె కావాలి, నాకు వాళ్ళ ముఖాలు గుర్తున్నాయి.

మాదాపూర్_కేటగిరీ:
ముఖాలతో విధానాలు తయారు చెయ్యలేం. 2 లక్షలకి ఆధారం చూపించండి, అప్పుడు మాట్లాడతాను.

కూకట్‌పల్లి_గృహిణి:
ఆ అంకె వదిలేయండి బాబూ. ఆయన అడిగింది రేటు గురించి.

విజయవాడ_కిరాణా:
థాంక్స్ అమ్మా. ఇంకొకటి చెప్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది. షాంపూ, టూత్‌పేస్టు, సబ్బు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. జనానికి మంచిదే, కాదనను. కానీ నా ర్యాకుల్లో ఉన్న సరుకంతా 18 శాతం కట్టి కొన్నది. నేను కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకి లెక్కలు తక్కువగా ఉండే జీఎస్టీ పద్ధతి) ఉన్నాను, ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. పొద్దున్నే కొట్టు తెరవగానే ఫోన్‌లో కొత్త రేటు చూపించి "ఇదే రేటుకి ఇవ్వు" అన్నారు. ఇచ్చాను, ఇవ్వకపోతే మళ్ళీ రారు. పాత స్టాకు తేడా ఇస్తామని ఒక కంపెనీ సేల్స్‌మన్ రాసుకుపోయాడు. ఇప్పటికీ రాలేదు. చైన్లకి మాత్రం ఆ తేడాకి క్రెడిట్ నోట్లు (బిల్లులో తగ్గించుకునే చీటీలు) వెంటనే వచ్చాయని విన్నాను. సబ్బుల కంపెనీ ఆయన వేదిక మీద "లాభం చివరి వినియోగదారుడి దాకా చేర్చాం" అన్నారు. ఆ లాభం ఎవరి గల్లాలోంచి వెళ్ళిందో అక్కడ చెప్పేవాళ్ళు లేరు.

మాదాపూర్_కేటగిరీ:
కాంపోజిషన్ ఎంచుకున్నది మీరే. లెక్కలు రాసే పని తగ్గుతుందని అందులో చేరారు, దాని నష్టం కంపెనీ మీద వెయ్యడం ఏం న్యాయం?

వరంగల్_ఏజెన్సీ:
లెక్కలు రాసేవాడికి జీతం ఇవ్వలేక చేరతారు సార్. మీకది తెలియదా?

డాలస్_నుంచి:
ఒక విషయం చెప్పి వెళ్తాను. ఒకే సరుకుని పోటీలో ఉన్న ఇద్దరు కొనుగోలుదారులకి వేర్వేరు రేట్లకి అమ్మకూడదని అమెరికాలో 1936లోనే రాబిన్సన్–పాట్‌మన్ చట్టం తెచ్చారు. పెద్ద చైన్ల ముందు చిన్న కిరాణాలు నిలవాలనే. తర్వాత దశాబ్దాల పాటు దాన్ని మూలన పడేశారు. 2024 డిసెంబర్‌లో అక్కడ పోటీ చట్టాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని మళ్ళీ బయటికి తీసి ఒక పెద్ద మద్యం డిస్ట్రిబ్యూటర్ మీద కేసు వేసింది. 2025 జనవరిలో పెప్సీ మీద కూడా వేసి, కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకుంది. మన దగ్గర కాంపిటీషన్ చట్టం కింద ఇలాంటి కేసు గెలవాలంటే ముందు ఆ కంపెనీకి మార్కెట్‌లో ఆధిపత్యం ఉందని చూపించాలి. అక్కడే ఆగిపోతుంది.

విజయవాడ_కిరాణా:
నాకు కావాల్సింది ఇదే. మాకు దానం వద్దు. ఒకే సరుకుకి ఒకే రేటు ఇవ్వండి.

మాదాపూర్_కేటగిరీ:
ఇప్పటికి అసలు మాట బయటికొచ్చింది. మీకు కావాల్సింది కుర్చీ కాదు. మీరు బతకడానికి కొనేవాళ్ళందరూ నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వాలి. అదేదో ముందే చెప్పొచ్చుగా?

ఇంకోటి కూడా చెప్తాను. నేనూ కొట్టు ఇంట్లోనే పుట్టాను. మా నాన్న పొద్దున ఐదింటికి షట్టర్ ఎత్తి రాత్రి పదికి దించేవాడు. పండగ లేదు, పెళ్ళి లేదు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా లేచి చక్కెర తూచేవాడు. అప్పు ఖాతా పుస్తకంలో సగం డబ్బు ఎన్నటికీ రాలేదు. నడుము పోయింది. ఆ కొట్టు మూసినరోజు మా అమ్మ దేవుడికి దీపం పెట్టింది. మీరందరూ కాపాడమని అడుగుతున్న బతుకు అది. ఎందుకు కాపాడాలి? యాప్‌లో డెలివరీ చేసే కుర్రాడికైనా రోజు ముగిశాక ఇల్లుంటుంది.

చూస్తూ_ఉంటా:
డెలివరీ కుర్రాళ్ళని ఒకసారి అడిగి చూడండి సార్, రోజు ఎప్పుడు ముగుస్తుందో.

కూకట్‌పల్లి_గృహిణి:
మీ నాన్నగారి కష్టం చదివితే బాధేసింది. కానీ ఆయన రాసుకున్న ఆ అప్పు వల్ల ఎన్ని ఇళ్ళు గట్టెక్కాయో కూడా లెక్కలోకి రావాలి కదా. 2020 లాక్‌డౌన్ మొదట్లో మాకు యాప్‌లలో డెలివరీ స్లాట్లే దొరకలేదు. మా వీధి కొట్టాయన బియ్యం, పప్పు ఇంటికి పంపాడు, డబ్బులు తర్వాత ఇవ్వమన్నాడు. ఇప్పుడు నేనూ యాప్‌లో కొంటున్నాను, అబద్ధం చెప్పను. రాత్రి పదకొండుకి పాపకి మందు పట్టే చుక్కల గొట్టం కావాలంటే ఎక్కడికి పోను?

విజయవాడ_కిరాణా:
మాదాపూర్ సార్, మీ నాన్నగారు అలసిపోయి మూశారు. అది ఆయన నిర్ణయం. నా కొడుకు ఉద్యోగానికి వెళ్తానంటే నేనే పంపిస్తాను. కానీ నేను ఎప్పుడు మూయాలో వేదిక మీద కూర్చున్న ఐదుగురు నిర్ణయిస్తే ఒప్పుకోను. సమానమైన రేటుకి కొని, పోటీపడి ఓడిపోతే ఆ రోజే తాళం వేస్తాను, ఎవర్నీ ఏమీ అనను. పెట్టుబడిదారుల డబ్బుతో నష్టానికి అమ్మి, నన్ను ఖాళీ చేయించాక రేట్లు పెంచితే, ఆ నాలుగు రూపాయలు కొనేవాళ్ళ దగ్గరే మళ్ళీ లాగుతారు.

మాదాపూర్_కేటగిరీ:
సరే, మీ మొదటి ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు చెప్తాను. ఆ తేడా ఒక్కచోటి నుంచి రాదు. ఎక్కువ కొంటే ఇచ్చే స్లాబ్ డిస్కౌంట్ కొంత. ర్యాకులో కంటికి ఎదురుగా పెట్టినందుకు డిస్‌ప్లే డబ్బు కొంత. యాప్‌లో వెతగ్గానే పైన కనిపించడానికి కంపెనీలు కట్టే ప్రకటన డబ్బు కొంత. మిగతాది యాప్ సొంత నష్టం. ఇవన్నీ కాంట్రాక్టుల్లో ఉంటాయి. వాటిని బయటపెట్టమంటే ఏ కంపెనీ ఒప్పుకోదు. మా చైన్ కూడా ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను, ఎందుకంటే ఆ బేరం ఆడడమే నా ఉద్యోగం.

వరంగల్_ఏజెన్సీ:
స్లాబ్ డిస్కౌంట్ అర్థమైంది. మా కింద వందల కొట్లున్నాయి, అన్నీ కలిపితే మీ చైన్ కొనే అంత ఉంటుంది. మరి ఆ స్లాబ్ మాకెందుకు పెట్టరు? డిస్‌ప్లే డబ్బు కూడా అంతే. మా కొట్ల ముందు కంపెనీ బోర్డు ఏళ్ళ తరబడి వేలాడుతుంది, దానికి ఇచ్చేది ఒక క్యాలెండరు.

మాదాపూర్_కేటగిరీ:
వందల కొట్లతో వందల బేరాలు ఎవరూ ఆడలేరు. కలిసి కొనుక్కోండి. ఒక సంఘంగా ఒకే ఆర్డర్ పెట్టండి.

విజయవాడ_కిరాణా:
మా సంఘంలో ఆ ప్రయత్నం జరిగింది. మీ ఏరియా ఏజెన్సీకి ఇచ్చేశాం, మీకు నేరుగా ఇవ్వం అని కంపెనీ చెప్పింది. చైన్‌కి నేరుగా ఇస్తారు, మాకెందుకు ఇవ్వరో చెప్పండి.

గుడివాడ_జనరల్_స్టోర్స్:
ఇప్పుడే మొత్తం చదివాను. మాదీ కాంపోజిషనే. పాత స్టాకు తేడా మాకూ రాలేదు. మీలో ఎవరికైనా వచ్చిందా? వస్తే ఎవరికి రాయాలో చెప్పండి, బిల్లులన్నీ దాచిపెట్టాను.