గిబ్ రివర్ రోడ్డుకు హైబ్రిడ్ కారవాన్: కొనేముందు వెళ్లివచ్చినవారి మాట కావాలి

మంజీర (మెల్‌బోర్న్)

అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది జూన్, జూలైలలో ఆరు వారాల సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. అడిలైడ్ మీదుగా మర్రీ చేరి, ఊడ్నడట్టా ట్రాక్ అనే మట్టిదారి పట్టుకుని ఆలిస్ స్ప్రింగ్స్, క్యాథరిన్, కునునర్రా, అక్కడి నుంచి పడమటి ఆస్ట్రేలియాలోని మరో మట్టిదారి గిబ్ రివర్ రోడ్డు మీద డెర్బీ వరకు వెళ్లాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఇన్నేళ్లూ డేరాతోనే తిరిగాము. కిందటి ఈస్టర్‌కు గ్రాంపియన్స్‌లో రాత్రంతా వాన కురిసి పరుపులు తడిసి ముద్దయ్యాక, ఇక డేరా వద్దని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీదికి వచ్చాము.

మామూలు కారవాన్, అంటే కారు వెనుక తగిలించి లాగే చక్రాల ఇల్లు, ఆ దారులకు తట్టుకోదన్నారు. మడత డేరా ఉండే క్యాంపర్ ట్రైలర్ అయితే రోజూ విప్పడం, మడవడం. అందుకని రెండింటికీ మధ్యస్థంగా ఉండే హైబ్రిడ్ చూస్తున్నాము. గోడలు గట్టివి, పడకలు లోపల, వంటగది బయటికి లాగేది. రెండు నచ్చాయి. ఒకటి 13 అడుగులది, ఒకే ఇరుసు, పైకప్పు ఎత్తుకునేది. ఖాళీ బరువు 1,900 కిలోలు, ఏటీఎం (సామానుతో కలిపి మించకూడని బరువు) 2,500, ధర 62 వేల డాలర్లు. రెండోది 16 అడుగులది, రెండు ఇరుసులు, లోపలే స్నానాల గది. ఖాళీ బరువు 2,400, ఏటీఎం 2,800, ధర 84 వేలు. మా కారు 2019 ప్రాడో, డీజిల్ ఆటోమేటిక్, 3,000 కిలోలు లాగుతుంది. రెండూ ఎక్కడికైనా వెళ్తాయని అమ్మేవారు అంటున్నారు. మా ఆవిడ మనసు స్నానాల గది ఉన్నదాని మీద ఉంది. మీరైతే ఏది తీసుకుంటారు?

పినాకిని (పెర్త్)

మంజీర గారూ, ధర సంగతి పక్కన పెట్టి ముందు బరువు లెక్క వేయండి. గిబ్ మీద రెండుసార్లు వెళ్లివచ్చాను, రెండుసార్లూ హైబ్రిడ్‌తోనే. దారిలో ఆగిపోయి కనిపించిన బళ్లలో చాలావాటికి ఎక్కించకూడనంత బరువు ఎక్కించారు.

ఏటీఎం అంటే కారవాన్, అందులో ఉన్న సమస్తం కలిపి మించకూడని బరువు. అందులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీరు వేసుకోగలిగింది. మీ రెండో కారవాన్‌కు మిగిలేది 400. నీళ్ల ట్యాంకులు 180 లీటర్లనుకుందాం, లీటరుకు కిలో చొప్పున 180 అక్కడే పోయింది. తొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్లు రెండు, సిలిండర్ల సొంత బరువుతో కలిపి దాదాపు 36. ఇక మిగిలింది 180 చిల్లర. నలుగురి బట్టలు, దుప్పట్లు, బియ్యం, పప్పులు, గిన్నెలు, కుర్చీలు, పనిముట్లు, రెండో స్పేర్ చక్రం అందులో పట్టాలి. పట్టవు. 13 అడుగులదానికి 600 మిగులుతుంది, అది ఊపిరాడే లెక్క.

ఇంకొకటి. కాగితం మీది ఖాళీ బరువును నమ్మకండి. మా కారవాన్ పలక మీద 1,820 అని ఉంటుంది. మన ఊళ్లలో లారీలను తూచే ధర్మకాటా లాంటిదే ఇక్కడి వేబ్రిడ్జి. ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు దానిమీద నిలబెడితే 1,945 చూపింది. పందిరి, అదనపు సోలార్ పలకలు, రెండో బ్యాటరీ, ఇవన్నీ తూచిన తర్వాత బిగించారట. డబ్బు కట్టే ముందే కాటా చీటీ అడగండి. ఇవ్వలేమంటే మరో దుకాణం చూసుకోండి.

ప్రాడో 3,000 లాగుతుంది, నిజమే. కానీ కారవాన్ మూతి కారు వెనుక గుండు మీద మోపే బరువు కారు మోసే బరువు కిందికి వస్తుంది. మొత్తంలో పదో వంతు అనుకుంటే 280 కిలోలు. దానికి మీ నలుగురినీ, కారు వెనుక పెట్టే ఫ్రిజ్‌నూ, ముందు బుల్ బార్‌నూ కలపండి. లాగగలిగే బరువు మిగిలి ఉండగానే మోయగలిగే బరువు దాటిపోతుంది. ఈ సంగతి దుకాణంలో ఎవరూ ఎత్తరు.

ఎర్రమట్టి (ఆలిస్ స్ప్రింగ్స్)

పినాకిని గారి మాటకు నా ఓటు. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, వారాంతం వస్తే మట్టిరోడ్డే.

ముడతల రోడ్డు గురించి చెప్తాను. రేకుల షెడ్డు పైకప్పును నేల మీద పరిచి దానిమీద గంటల తరబడి నడిపినట్టు ఉంటుంది. కారులో కూర్చున్నవాళ్లకు సీటు ఉంది, స్ప్రింగులు ఉన్నాయి. కారవాన్‌లోని సామానుకు ఏమీ లేదు. మొదటిసారి ఊడ్నడట్టా ట్రాక్ మీద విలియం క్రీక్ దగ్గర ఆగి తలుపు తీస్తే, పై అల్మారా గడియ ఊడిపోయి గోంగూర పచ్చడి సీసా నేల మీద పగిలి ఉంది. నూనె, ఎర్ర దుమ్ము, కందిపప్పు కలిసిపోయి నేలంతా ముద్ద. దాన్ని కడగడానికి మోసుకెళ్లిన నీళ్లలో పావు వంతు అయిపోయింది. అప్పటి నుంచి గాజు సీసా ఏదీ ఎక్కించను. పచ్చళ్లు బిగుతు మూతల ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, బట్టల మధ్య, నేలకు దగ్గరగా పెడతాను.

టైర్లలో గాలి తగ్గించడం అన్నిటికన్నా ముఖ్యం. తారురోడ్డు మీద కారవాన్ టైర్లలో గాలి 45 పీఎస్ఐ ఉంచితే, మట్టి ఎక్కగానే 30కి దించుతాను, వేగం 70 దాటను. గాలి తగ్గించాక వేగం కూడా తగ్గించకపోతే టైరు వేడెక్కి చిరిగిపోతుంది. గంటకోసారి ఆగి చక్రం మధ్య భాగం దగ్గరా, షాక్ అబ్జార్బర్ దగ్గరా అరచేయి ఉంచి చూస్తాను. నాలుగింటిలో ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ కాలుతుంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. సాయంత్రం పూట బోల్టులన్నీ ఒకసారి బిగించి చూడండి.

కొనేటప్పుడు కిందికి దూరి చూడండి, సిగ్గుపడకండి. ప్రతి చక్రానికీ విడివిడి సస్పెన్షన్ ఉందా, నీళ్ల ట్యాంకులకు, గొట్టాలకు కింద రేకు కవచం ఉందా, తీగలు వేలాడుతున్నాయా అన్నవి అక్కడే తెలుస్తాయి. కారవాన్ చక్రాలు, ప్రాడో చక్రాలు ఒకే కొలత, ఒకే బోల్టు వరుస అయితే స్పేర్లు అటూ ఇటూ పనికొస్తాయి. కారుకు తగిలించే కొక్కెం కూడా మామూలు గుండు కాకుండా అన్నివైపులా తిరిగే డీవో 35 రకానిది అయి ఉండాలి. వాగుల గట్లు ఎక్కి దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇరుసుల మాట. హాల్స్ క్రీక్ దాటాక పుర్నులులు పార్కు, అదే బంగిల్ బంగిల్ కొండలు చూడాలనుకుంటే, లోపలికి వెళ్లే 53 కిలోమీటర్ల దారిలో ఒకే ఇరుసు ఉన్న ఆఫ్ రోడ్ ట్రైలర్లనే అనుమతిస్తారు. రెండు ఇరుసులది హైవే దగ్గరే వదిలి వెళ్లాలి. ఆ కొండలు పిల్లలకు చూపించకుండా రాకండి.

కృష్ణాతీరం (బ్రిస్బేన్)

మంజీర అన్నయ్యా, వదినగారికి ఈ మాట చదివి వినిపించండి. వంట చేసే మనిషిగా చెప్తున్నాను, బయటి వంటగది మనవాళ్లకు వరం. ఎండుమిర్చి, ఇంగువ పోపు వేసినా ఆ ఘాటు పడకలకు పట్టదు. లోపల వంట చేసే కారవాన్ ఒకటి ముందు అద్దెకు తీసుకున్నాం, మూడో రోజుకే దిండు గలీబుల నుంచి పులుసు వాసన.

కానీ కొనేముందు దుకాణంలోనే వంటగది బయటికి లాగి దాని ముందు నిలబడి చూడాలి. నడుము ఎత్తుకు వస్తుందా? పొయ్యి మీద పెద్ద కుక్కరు పెడితే పక్క పొయ్యికి చోటుంటుందా? మూడు వైపులా గాలి అడ్డు ఉందా? లాంగ్‌రీచ్ దగ్గర గాలికి మంట నిలవక అన్నం ఉడకడానికి గంట పట్టింది నాకు. తర్వాత ఒక అల్యూమినియం మడత పలక కొని అడ్డం పెట్టుకున్నాను. వంటగది పైకి పందిరి నీడ పూర్తిగా వస్తుందో లేదో కూడా చూడండి. పగలు ఈగలు నిలవనివ్వవు. అందుకే పప్పు, కూర పొద్దున్నే వండేసి, మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టేదాన్ని.

కరెంటు విషయం. 200 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, పైకప్పు మీద 400 వాట్ల సోలార్ మాకు చాలాయి. ఫ్రిజ్, దీపాలు, ఫోన్లు, రోజుకు రెండు నిమిషాలు మిక్సీ. ఇండక్షన్ పొయ్యి మీద రెండు పూటలా వండాలనుకుంటే మాత్రం ఆ బ్యాటరీ చాలదు. గ్యాస్ ఉంచుకోండి. ఫ్రిజ్ 12 వోల్టుల కంప్రెసర్ రకం అయి ఉండాలి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఒరిగి ఉంటే సరిగా పనిచేయదు, అడవిలో సమంగా ఉన్న నేల ఎక్కడ దొరుకుతుంది?

పడమటి రాష్ట్రంలోకి అడుగుపెట్టేటప్పుడు కునునర్రా దగ్గర తనిఖీ ఉంటుంది. పండ్లు, కూరగాయలు, తేనె దాటనివ్వరు. నేను క్యాథరిన్‌లోనే మిగిలిన కూరలన్నీ వండేసి, కరివేపాకు ఇంటి దగ్గరే కారప్పొడి కొట్టి పట్టుకెళ్లాను.

వంశధార (సిడ్నీ)

నా అనుభవం చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. మూడేళ్ల కిందట కొత్త హైబ్రిడ్ కొన్నాము. దుకాణం పేరు రాయను. మొదటి వానకే మూల అతుకు దగ్గర నీళ్లు కారి, పాప పడుకునే పరుపు కింద చెక్క ఉబ్బింది. బాగు చేయమని ఇస్తే పదకొండు వారాలు ఉంచుకున్నారు. ఆ ఏడు శీతాకాలం ప్రయాణం పోయింది. తిరిగి వచ్చాక మరో మూల కారింది.

మా ఒక్కరికే ఇలా జరిగిందని బాధపడ్డాను. తర్వాత తెలిసింది, ఇక్కడి వినియోగదారుల కమిషన్ 2022లో కొత్త కారవాన్లు కొన్నవారిని అడిగితే, జవాబిచ్చినవారిలో నూటికి 80 మంది ఏదో ఒక లోపం ఎదురైందన్నారు. కాబట్టి అప్పగించే రోజున తొందరపడకండి. మా రెండోదానికి మేము ఒక స్వతంత్ర పరీక్షకుణ్ణి వెంట తీసుకెళ్లాము. గొట్టంతో పైనుంచి అరగంట నీళ్లు కొట్టించి, లోపల మూలలన్నీ చేత్తో తడిమి చూశాము. లోపం పెద్దదైతే డబ్బు వాపసు అడిగే హక్కు చట్టం ఇచ్చింది, వారంటీ కాగితంలో ఏమి రాసి ఉన్నా సరే. ఫోనులో మాట్లాడినదంతా ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో రాసి పంపండి. మాకు చివరికి అవే అక్కరకొచ్చాయి.

దుమ్ము కూడా నీళ్లు దూరిన దారినే దూరుతుంది. పైకప్పు మీద ముందుకు తెరుచుకునే గాలి కిటికీ ఉంటే, నడుస్తున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరిగి దుమ్మును రానివ్వదు. గ్యాస్ బయటికి పోవడానికి ఉంచిన రంధ్రాలను మాత్రం టేపుతో శాశ్వతంగా మూయకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

నల్లమల (కాన్‌బెరా)

అందరూ ఏది కొనాలో చెప్తున్నారు. అసలు కొనాలా అని నేను అడుగుతున్నాను. మంజీర గారూ, మీ దారి రానూపోనూ పదివేల కిలోమీటర్లు దాటుతుంది. అందులో ఊడ్నడట్టా 620, గిబ్ 660. పక్కదారులు వదిలేస్తే మట్టి 1,300 మించదు, గిబ్‌లో రెండు చివరలా తారు కూడా పడింది. మిగతా తొమ్మిది వేలు నున్నటి తారురోడ్డు. ఆ 1,300 కోసం 84 వేలు పెట్టి, తర్వాత ఏడాదికి పది రాత్రులు కూడా వాడకపోతే అది ఇంటి ముందు నిలిచిపోతుంది. రిజిస్ట్రేషను, బీమా మాత్రం ఏటా తప్పవు. మాది అలాగే రెండేళ్లు నిలిచి చివరికి అమ్ముడుపోయింది, కొన్న ధరకు 19 వేలు తక్కువకు.

నా సలహా, సెప్టెంబరు సెలవుల్లో ఇలాంటిదే ఒకటి అద్దెకు తీసుకుని ఫ్లిండర్స్ రేంజెస్‌లో వారం రోజులు ఉండండి. నచ్చితే రెండు మూడేళ్లు వాడినది కొనండి, లోపాలన్నీ మొదటి యజమాని చేతిలోనే బయటపడి ఉంటాయి. వాడినది కొనేముందు రెండు డాలర్లతో పీపీఎస్ఆర్ అనే సర్కారు అప్పుల పట్టీ చూడండి, దానిమీద ఎవరికైనా అప్పు ఉందేమో తెలుస్తుంది.

పినాకిని (పెర్త్)

నల్లమల గారి మాట సబబే, కానీ జూన్ రాత్రులు మర్రీ వైపు చలికి వణికిస్తాయి, గిబ్ ఉండే కింబర్లీ ప్రాంతంలో పగలు ముప్పై దాటుతుంది. పిల్లలతో ఆ రెండింటికీ తట్టుకోవాలంటే గట్టి గోడలు, డీజిల్ హీటరు ఉన్నది నయం.

మంజీర (మెల్‌బోర్న్)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న ప్రాడోను కాటాకు తీసుకెళ్లాను. నలుగురమూ ఎక్కి, ట్యాంకు నిండా డీజిల్‌తో తూచి, కారు పుస్తకంలోని అంకెతో పోల్చితే మిగిలింది 265 కిలోలు. 16 అడుగులదాని మూతి బరువే 280. చీటీ చూపించగానే మా ఆవిడే దాన్ని వద్దంది. సెప్టెంబరులో ఫ్లిండర్స్‌కు 13 అడుగులది అద్దెకు మాట్లాడుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది. దానిలో స్నానాల గది లేదు, రాత్రిపూట పిల్లల సంగతి ఎలా?

కృష్ణాతీరం (బ్రిస్బేన్)

మోసుకెళ్లగలిగే చిన్న మరుగుదొడ్డి ఒకటి మంచం కింది అరలో పట్టేది కొనండి. దానికోసం పక్కన నిలబెట్టే నిలువు డేరా కూడా దొరుకుతుంది. చలిరాత్రి మా వాడు బయటికి రానంటే లోపలే తలుపు దగ్గర పెట్టేవాళ్లం. దాన్ని ఖాళీ చేసే చోట్లు ఊళ్లలో ఉంటాయి, ముందే పటంలో గుర్తు పెట్టుకోండి. గిబ్ మీద స్టేషన్లనే పెద్ద పశువుల క్షేత్రాల దగ్గర వేడినీళ్ల స్నానం దొరుకుతుంది, వదినగారికి చెప్పండి.

ఎర్రమట్టి (ఆలిస్ స్ప్రింగ్స్)

పెంటికోస్ట్ నది దాటే ముందు లోతు చూడటానికి నీళ్లలోకి దిగకండి, ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. గట్టు మీద ఆగి మరో బండి దాటేదాకా చూసి, అది వెళ్లిన దారినే వెళ్లండి. ఆలిస్ చేరిన రోజు ఇక్కడ ఒక మాట రాయండి. బయలుదేరే ముందు మా ఇంట్లో భోజనం చేసి, నా దగ్గరున్న గాలి కొలిచే మీటరు పట్టుకెళ్లండి.